‘మూలము మంచిదే’ యను మాట

పాతబడిన యింటిని కొనవచ్చినవానికి చూపునప్పుడు ఇంగ్లీషు మాటలాడు దేశములలో బేరగాండ్రు ‘ఈ యింటి యెముకలు మంచివండీ’ యని చెప్పుదురు. గార రాలినది, కిటికీ రెక్కలు ఊడినవి, వంటయింటి గోడ పొగచే నల్లనైనది, నిజమే. కాని పునాది క్రుంగలేదు, గోడ వంగలేదు, దూలము పుచ్చలేదు, కావున ధైర్యముగా కొనవచ్చునని వారి తాత్పర్యము. ‘గుడ్ బోన్స్’ అను నీ పలుకుబడి ఇండ్లతో నాగలేదు. ముసలితనమునను అందము చెడని ముఖమునకు, కూర్పు చక్కగా నుండి భాష పేలవముగా నున్న నవలకు, నష్టములో నున్నను నమ్మకము పోని వ్యాపారమునకు, తుదకు రాజ్యములకును మతములకును గూడ దీనిని వాడుచున్నారు. 2016లో మాగీ స్మిత్ అను అమెరికా కవయిత్రి యీ రెండు మాటలనే పేరుగా నుంచి ప్రకటించిన చిన్న కవిత కొలది దినములలోనే దేశదేశములకు ప్రాకినది. బిడ్డలకు లోకమును చూపవలసిన తల్లి, పాడుపడిన యింటిని చూపు బేరగాని స్థితిలో బడుట అందలి విషయము. బేరగాని మాటను తల్లియు అరువు తెచ్చుకొనవలసి వచ్చెనే యను బాధయే ఆ కవితకు ప్రాణము.

ఈ మాటను నేను కొన్ని దినములుగా మనసులో త్రిప్పుచున్నాను. ఏలయనగా ఇదే భావమును మన యిండ్లలో మనము వేఱు మాటలతో ప్రతిదినము పలుకుచున్నాము. పలికి, దాని యండతో కొన్ని మంచిపనులును పెక్కు చెడ్డపనులును చేయుచున్నాము. ‘మూలము మంచిదే’ యని యెవరైన ననినప్పుడు వినువాడు ఏమి చేయవలెను? ఓర్చుకొనవలెనా, బాగుచేయ పూనుకొనవలెనా, ఆ మాట నమ్మక లేచిపోవలెనా? చూచుటకు చిన్న ప్రశ్నయేగాని, సంసారములును సంఘములును దీనిమీద నడుచుచున్నవి.

మన సామెతలను తడవి చూచిన నొక వింత కనబడును. పైకి మెఱసి లోపల కుళ్లిన దానిని గూర్చి మనకు మాటలు కొల్లలు. ‘పైన పటారము, లోన లొటారము’ అందుము, మేడిపండందుము. దీనికి తలక్రిందైన భావమునకు, అనగా పైకి చెడి లోపల గట్టిగా నున్న దానికి, మాటలు తక్కువ. బహుశః పెక్కుమాఱులు మోసపోయినవారు మొదట మోసమునకే పేరు పెట్టుకొందురు కాబోలు. ఎముక మన పలుకుబడులలో లేకపోలేదుగాని, అది మఱియొక దారి పట్టినది: ‘ఆయన చేతికి ఎముక లేదు’ అని మనము దాతను పొగడుదుము. ‘మట్టిలో మాణిక్యము’ అనునది కొంత దగ్గఱకు వచ్చునుగాని, అందులో దోషము మాణిక్యముది కాదు, మట్టిది. కడిగిన చాలును. బేరగాడు చూపు నిల్లు కడిగినంత మాత్రమున బాగుపడదు.

సంస్కృతమున మాత్రము దీనికి సరియైన మాట యొకటి కలదు: కీటానువిద్ధరత్నము, అనగా పురుగు తొలిచిన రత్నము. ఈ మాట అలంకారశాస్త్రమున నొక వివాదముచే ప్రసిద్ధికెక్కినది. కాశ్మీరదేశమున 11వ శతాబ్దిలో నుండిన మమ్మటుడు తన కావ్యప్రకాశమున కావ్యలక్షణము చెప్పుచు, శబ్దార్థములు దోషరహితములై యుండవలెనని మొదటనే యొక కట్టడి చేసెను. 14వ శతాబ్దిలో కళింగదేశీయుడైన విశ్వనాథుడు సాహిత్యదర్పణమున ఆ కట్టడిని పట్టుకొని, దోషము లేనిదే కావ్యమైనచో లోకమున కావ్యమే యుండదు, ఉండినను మిక్కిలి అరుదగునని ఆక్షేపించెను. పురుగు తొలిచినంత మాత్రమున రత్నము రత్నము కాకపోదనియు, రసము స్ఫుటముగా నున్నచో దోషము గల రచనయు కావ్యమేయనియు ఆతని సిద్ధాంతము. అంతకు ఎన్నియో శతాబ్దులకు ముందే దండి యిందులకు సరిగా ఎదురుమాట చెప్పియున్నాడు. కావ్యమున స్వల్పదోషమునైనను ఉపేక్షింపరాదట. ఎంత సుందరమైన దేహమైనను ఒక్క బొల్లిమచ్చచే చెడునట. బొల్లిని గూర్చి ఆ కాలపువారికున్న రోతను మనము పంచుకొననక్కఱలేదు గాని, దండి పట్టుదల అట్టిది.

నేను విశ్వనాథుని పక్షమువాడను. కాని ఆతని పక్షము వహించువారు ఆతని వాక్యములో సగమే జ్ఞాపకముంచుకొందురు. రత్నము రత్నమేయని చెప్పి ఆతడు ఊరకుండలేదు. పురుగు తొలచుటచే దాని యోగ్యతలో హెచ్చుతగ్గు కలుగునని ఆ వెంటనే చెప్పెను. రత్నమే, కాని వెల తగ్గిన రత్నము. తొలుపును తొలుపు కాదనలేదు.

అయితే ఒక్క విషయమున మన మేస్త్రి యీ పండితులను మించినవాడు. వారు దోషమున్నదా, ఉన్నచో ఎంతయని విచారించిరి. మేస్త్రి దోషమెక్కడ నున్నదని అడుగును. పాత మండువా యింటిలో అడుగుపెట్టిన అనుభవశాలి రాలిన గారను చూచి భయపడడు. చేతికఱ్ఱతో దూలమును తట్టి చూచును. చెదలు తిన్న కొయ్య డొల్లగా మ్రోగును. గోడపై వెండ్రుకలవంటి సన్నని బీటలున్నచో, అవి గార యెండుటచే కలిగినవని విడిచిపెట్టును. ద్వారబంధపు మూలనుండి ఏటవాలుగా పైకి బోయి, పోనుపోను వెడల్పగు బీట కనబడెనా, ముఖము మార్చుకొని నేలను గూర్చి అడుగును. నల్లరేగడి నేల వానలకు ఉబ్బి, వేసవిలో కుంచించుకొని, పునాదిని ఎత్తి దించుచుండును. అట్టిచోట గోడకు ఎన్నిమాఱులు సున్నము కొట్టినను బీట మరల పుట్టును. గోడ అడుగున ఉప్పు తేలి గార పొడిపొడిగా రాలుచున్నచో, నేలతేమ పైకెక్కుచున్నదని గ్రహించును. ఇంత పరీక్ష జరిగిన పిమ్మటగాని ‘కట్టడము గట్టిది’ యని యనడు. అనినప్పుడు ఆ మాటకు మఱికొన్ని మాటలు చేర్చును: ఏమేమి చేయవలెను, ఎంత యగును, ఎన్నాళ్లు పట్టును.

బేరగాడును ఇదే మాట పలుకును. కాని వాడు దూలమును తట్టి చూడలేదు. ఆ యింట కాపురముండబోడు. బాగుచేయు ఖర్చు వానిది కాదు.

ఇక మన యిండ్లలోనికి వత్తము. ‘మాట కఠినము గాని మనసు వెన్న’ యను వాక్యము వినని కోడలు తెలుగుదేశమున నుండునని నేను తలపను. పుట్టింటికి వచ్చి కన్నీరు పెట్టుకొన్న కూతునకు తల్లియే చెప్పును; అత్తవారివైపు పెద్దలు చెప్పుదురు; ఇరుగుపొరుగు ముత్తయిదువలును చెప్పుదురు. ‘కోపమొక్కటే గాని అబ్బాయి బంగారమమ్మా! త్రాగినప్పుడు తప్ప చీమకైన హాని తలపెట్టడు. నీవే కొంచెము సర్దుకొనిపోవలెను, తల్లీ!’ ఇది ‘ఇంటి యెముకలు మంచివండీ’ యనుటకన్న వేఱు గాదు. కొన్ని యిండ్ల నిది సత్యమే కావచ్చును. నోరు జాఱి, వెంటనే సిగ్గుపడి, ఏడాదికేడాది తన్ను తాను దిద్దుకొనుచు వచ్చిన కోపిష్ఠులు లేకపోలేదు. అట్టివారితో కాపురము చేసి సుఖపడిన యిల్లాండ్రను మనమందఱము ఎఱుగుదుము.

కాని ఆ మాట చెప్పినవారిలో ఎవరు దూలమును తట్టి చూచిరి? వెన్నయైన మనసు వారికి ఎక్కడ కనబడినది? పదిమందిలో నవ్వుచు మాటలాడుటలోనా? స్నేహితులకు లేదనక అప్పిచ్చుటలోనా? అవి వీధివైపు గోడలు. ఇంటి దూలమును బరువు పడుచోట పరీక్షింపవలెను గదా! భార్య జ్వరపడి మంచముపట్టినప్పుడు ఆతడేమి చేసెను? ఆమె తెచ్చు జీతము ఎవరి చేతిలో నుండెను? ఆమె కాదనినప్పుడు ఆ మాటకు ఏ గతి పట్టినది? బరువు పడు చోట్లు ఇవి. ఈ చోట్లను గూర్చి సాక్ష్యము చెప్పగలది ఆ యింట ఒక్కతెయే యున్నది. ఆమెను తప్ప తక్కినవారినందఱిని అడిగి మనము తీర్పు చెప్పుచున్నాము.

2005లో మన దేశమున గృహహింసనుండి స్త్రీలను రక్షించుటకు చేయబడిన చట్టము 2006 అక్టోబరులో అమలులోనికి వచ్చినది. ఆ చట్టము దేహముపై పడు దెబ్బలను మాత్రమే గాక, లైంగికముగా బాధించుటను, మాటలచే అవమానించి మనసు నొప్పించుటను, డబ్బు నందనీయక ఇబ్బంది పెట్టుటను గూడ హింసగానే లెక్కించినది. అనగా ‘మాట కఠినము’ అనునది పైపై గార కాదు, కట్టడములోని దోషమే కావచ్చునని శాసనకర్తలు అంగీకరించిరి. మనసు వెన్నయా కాదాయని చట్టము అడుగనే లేదు. అడుగకపోవుట నాకు మిక్కిలి వివేకముగా తోచినది.

ఎముకలను పోలికగా తెచ్చుకొన్నాము గనుక, వైద్యశాస్త్రము ఎముకను గూర్చి యేమి చెప్పునో కొంచెము చూతము. మనము ఎముకను రాయివంటి జడవస్తువని తలంతుము. శ్మశానమున మిగులునది అదియే గనుక అట్లు తోచును. బ్రదికియున్న దేహమున ఎముకయు బ్రదికియే యున్నది. ఒక జాతి కణములు పాతయెముకను కఱగించుచుండగా, మఱియొక జాతి కణములు ఆ చోట క్రొత్తయెముకను కట్టుచుండును. పెద్దవారిలో సుమారు పది సంవత్సరములకు అస్థిపంజరము చాలవరకు క్రొత్తదగును. జర్మనీదేశపు శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్, ఎముక తనపై బడు బరువునకు తగినట్లు తన నిర్మాణమును మార్చుకొనునని సిద్ధాంతము చేసి 1892లో గ్రంథము ప్రకటించెను. మోసిన యెముక బలియును. మోయని యెముక క్షీణించును. అంతరిక్షమున నెలల తరబడి తేలియాడు వ్యోమగాములకు, దేహభారము మోయవలసిన యెముకలలో నెలకు నూటికి ఒకటి మొదలు ఒకటిన్నర వంతు వఱకు సాంద్రత తగ్గును. అందులకే వారు అచ్చట దినమునకు రెండేసి గంటలు వ్యాయామము చేయుదురు. వృద్ధాప్యమున ఎముక డొల్లబాఱు వ్యాధియైతే తఱచుగా పైకి ఏ గుర్తును చూపక, ఒకనాడు కాలుజాఱి పడినప్పుడుగాని బయటపడదు.

కావున ‘మూలము మంచిది’ యనుట తాతలనాటి దస్తావేజును తీసి చదువుట వంటిది కాదు. నిన్న మంచిదైనది నేడును మంచిదని నమ్మకము లేదు. దానిపై ఎవరైన బరువు పెట్టుచున్నారా, అది మోయుచున్నదా యని చూడవలెను. మన ధర్మములు పూర్వము మహోన్నతములుగా నుండెననియు, నడుమ కొంత మలినము చేరినదనియు చెప్పి తృప్తిపడువారు ఈ సంగతి మఱతురు. ఉపాధ్యాయులమైన మేమును మఱతుము. ‘ఈ పిల్లవానికి పునాది లేదు’ అను మాట మా బడులలో దినమునకు పదిమాఱులు వినబడును. కళాశాలవారు ఉన్నత పాఠశాలను, ఉన్నత పాఠశాలవారు ప్రాథమిక పాఠశాలను, వారు తల్లిదండ్రులను నిందించుట పరిపాటి. పునాది లేదనుకొన్న పిల్లవానికి కఠినమైన లెక్క ఇవ్వరు. ఇవ్వకపోవుటచే వాని యెముక నిజముగనే సన్నగిల్లును. అప్పుడు ముందు చెప్పినది నిజమైనదని సంతోషింతురు. కోడిగీతలవంటి వ్రాతలో, తప్పుల తడకయైన వాక్యములలో, ‘ఇది యేల ఇట్లుండవలెను?’ అను ప్రశ్న నడుగు పిల్లలను నేను చూచితిని. ముత్యములవంటి వ్రాతలో అచ్చు తప్పకుండ పుస్తకమును ఒప్పగించువారిని అంతకు పదిరెట్లు చూచితిని. మార్కుల పట్టీలో వీధివైపు గోడకే విలువ.

సంఘసంస్కరణ చరిత్రయంతయు ఈ ప్రశ్న చుట్టును తిరిగినదే. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పరాశరస్మృతిని ఆధారముగా గొని వితంతువివాహము శాస్త్రసమ్మతమని వాదించెను. 1856లో చట్టము వచ్చినది. మన కందుకూరి వీరేశలింగము పంతులును శాస్త్రప్రమాణములు చూపియే పండితులతో పోరాడి, 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించెను. పునాది మంచిదే, దానిమీద నడుమవారు లేపిన గోడయే చెడ్డదని ఆ వాదము సారము. దీనిని బేరగాని మాటయని యెవరును అనజాలరు. చెప్పినవాడు ఆ యింటిలోనే కాపురముండెను, వెలి భరించెను, బాగుచేయు ఖర్చు తానే పెట్టుకొనెను. వంటవారును నీళ్లవారును రాకపోగా, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరినుండి నీరు తెచ్చి వంట చేసినదని మనవారు నేటికిని చెప్పుకొందురు. ఆ బిందె మోసినది గనుక ‘మూలము మంచిది’ యని పలుకు అధికారము ఆమెకు కలదు.

1936లో ఈ వాదమే మఱియొక రూపమున లేచినది. లాహోరులోని జాత్-పాత్-తోడక్ మండలివారు తమ సభకు అధ్యక్షునిగా అంబేద్కరును పిలిచి, ఆయన వ్రాసిన యుపన్యాసమును ముందుగా చదివి, వెఱచి, సభనే మానుకొనిరి. ఆయన దానిని ‘కులనిర్మూలనము’ అను పేర తానే అచ్చువేయించెను. గాంధి దానికి హరిజన్ పత్రికలో సమాధానము వ్రాయుచు, కులమునకును మతమునకును సంబంధము లేదనియు, వర్ణధర్మము వేఱనియు, మతమును దాని యుత్తమోత్తములనుబట్టి కొలువవలెనుగాని చెడ్డ నమూనాలనుబట్టి కాదనియు వాదించెను. ఎముకలు మంచివే, పైభాగము చెడినదని తాత్పర్యము. అంబేద్కరు మాట యిందులకు సరిగా విరుద్ధము: కులమును నిలిపి యుంచినది శాస్త్రములందలి నమ్మకమే, ఆ నమ్మకము పోనిదే కులము పోదు. అనగా బీట గారలో లేదు, పునాదినుండి వచ్చుచున్నది. గాంధి చిత్తశుద్ధిని నేను శంకింపను. ఆయనయు చీపురు పట్టినవాడే. తరువాతి కాలమున ఆయన అభిప్రాయములు కులాంతర వివాహములను కోరునంత దూరము నడచినవి. అయినను ఆనాటి వాదమున అంబేద్కరే సరిగా చూచెనని నా దృఢాభిప్రాయము. అంటరానివారను పేర ఊరి వెలుపల నుంచబడినవారు ఈ యింటి గదులలో ఎన్నడును ఉండి యెఱుగరు. ఇంటి బరువు మాత్రము వారి వీపుమీద నున్నది. పునాది గట్టిదాయని పునాదినే అడుగుట అంతవఱకు పెద్దలకు తోచలేదు. గట్టిదనుట వేఱు, మంచిదనుట వేఱు. కారాగారమునకును పునాది గట్టిగానే వేయుదురు.

ఆయన 1956 అక్టోబరు 14వ తేదీన నాగపూరులో లక్షలాది జనముతో ఆ యింటినుండి వెడలిపోయెను. ఇందొక విశేషము కలదు. వెడలినవాడు బయలులో నిలువలేదు, అంతయు క్రొత్తగా కట్టుకొననూ లేదు. ఈ దేశముననే పుట్టి యీ దేశముననే శిథిలమైన మఱియొక పాతయింటిని ఎంచుకొని, ఏండ్ల తరబడి దాని దూలములను తట్టి చూచి, పునర్జన్మాది విషయములలో తనకు సమ్మతము గాని గోడలను తీసివేసి మఱీ ప్రవేశించెను. పాతయిండ్లయందు ఆయనకు ద్వేషము లేదు. ఎవరి వీపుమీద ఏది నిలిచినదో చూడక కొనుటకు మాత్రము ఒప్పుకొనలేదు.

ఓర్చుకొనుట, బాగుచేయుట, లేచిపోవుట యని మొదట మూడు దారులు చెప్పితిని. విప్పి మరల కట్టుట యను నాలుగవదియు కలదు. అది అన్నిటికన్న ఆలస్యమైనది. హనుమకొండలో కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభముల గుడి మన పాఠకులలో పెక్కుమంది చూచినదే. దాని కల్యాణమండపపు స్తంభములు చూచినవారు వానికి చావు లేదనుకొందురు. స్తంభములు దిట్టమైనవే గాని, వాని క్రింది పునాది క్రుంగినది. ఇంగ్లీషువాని పలుకుబడికి ఇది తలక్రిందైన సంగతి. పైభాగమునకు మెఱుగుపెట్టి మఱి కొన్ని సంవత్సరములు గడుపుటకు వీలు లేకపోలేదు. పురావస్తుశాఖవారు అట్లు చేయక, 2006లో ఆ మండపమును రాయి రాయిగా విప్పిరి. ఆ రాళ్లు అట్లే వేచియుండగా జనము విసిగిరి, పత్రికలు నిందించినవి. పునాదిని అడుగునుండి మరల వేసి, పాడైన రాళ్లకు బదులు క్రొత్తవి చెక్కి చేర్చి, స్తంభములను ఒక్కొక్కటిగా నిలిపిరి. 2024 మార్చి నెలలో, శివరాత్రినాడు, మండపము తెఱువబడినది.